పుచ్చతోటలో ఒక పూట

మండుటెండలో మూడు గంటల ప్రయాణం. రోడ్డు పక్కన పుచ్చతోట కనబడగానే కారు ఆపించాను. ముందురోజు దారిలో కొన్న కాయ కోస్తే లోపలంతా తెల్లగా, చప్పగా ఉంది. పిల్లల ముఖాలు వాడిపోయాయి. అది నా మనసులో అలాగే ఉండిపోయింది.

తోటలో ఓ పెద్దాయన కత్తితో కాయలు కోస్తున్నారు. "తాతగారూ, తియ్యటిది ఒకటి చూసి ఇవ్వండి" అన్నాను.

"నేనెందుకమ్మా, నువ్వే చూడు. ఇటు రా."

వంగి, అలవాటుగా కాయ మీద తట్టబోయాను. వద్దన్నారు. తొడిమ తీగను అంటుకున్న చోట, ఉంగరాలు తిరిగిన సన్నటి నులితీగ చూపించారు. ఒక కాయ దగ్గర అది ఇంకా పచ్చగా ఉంది. పక్కదాని దగ్గర గోధుమరంగుకు తిరిగి, నా వేలు తగలగానే పుటుక్కున విరిగింది. అది ఎండిందంటే కాయ పండినట్టేనట.

కొనే చోట కాయకు నులితీగ ఉండదు కదా అన్నాను. ఆయన కాయను పక్కకు దొర్లించారు. నేలకు ఆనిన చోట అరచేయంత మచ్చ, చిక్కటి వెన్నరంగు దాటి పసుపులోకి దిగింది. పచ్చికాయ అడుగున అదే మచ్చ తెల్లగా, లేదంటే లేతాకుపచ్చగా ఉంది. ఇన్నేళ్లూ నేను నిగనిగలాడే కాయల్నే ఏరుకున్నాను. పండేకొద్దీ తొక్క మెరుపు తగ్గుతుందని అక్కడ పక్కపక్కనే పెట్టి చూశాకే తెలిసింది.

తట్టడం ఆ తర్వాతే. పచ్చిది ఖంగుమంది, పండింది లోతుగా, బోలుగా పలికింది. ఆ తేడా పట్టుకోవడానికి నాకు పది కాయలు పట్టింది. తొక్క మందాన్ని బట్టి కూడా చప్పుడు మారుతుంది కాబట్టి చెవినొక్కదాన్నే నమ్మను. బరువూ అంతే. పుచ్చకాయలో నూటికి 92 పాళ్లు నీరే. సమాన సైజులో బరువైనది రసం ఎక్కువున్నదని చెబుతుంది, తీపి సంగతి చెప్పదు.

మావారు ఆడకాయ, మగకాయ తేడా అడిగారు. అలాంటిదేమీ లేదు. ఒకే పాదుకు మగపూలూ ఆడపూలూ పూస్తాయి, కాయ కాసేది ఆడపువ్వే. పిందె పడ్డాక రకాన్ని బట్టి సుమారు 35 నుంచి 45 రోజులకు పండుతుంది. అరటిలా కోశాక ముగ్గబెడదామంటే కుదరదు. తెంపిన రోజు ఎంత తీపి ఉందో అంతే, ఇక పెరగదు. నిన్నటి కాయ తప్పు అక్కడే జరిగింది: తొందరపడి కోసేశారు.

మచ్చ చూసి నేనే ఒకటి ఎంచాను. గట్టు మీద పెట్టి కత్తిమొన ఆనించానో లేదో, చిటచిటమంటూ పగులు కత్తికన్నా ముందు పరిగెత్తింది. లోపల ముదురెరుపు, నల్లటి గింజలు. తీపంతా నడిమి గుజ్జులోనే ఎక్కువ కనుక దాన్ని పెద్ద ముక్కగా తీశాను. మా చిన్నవాడు గింజలు ఉమ్మడం కూడా మరిచిపోయి, రెండో ముక్కకు చెయ్యి చాచాడు.