అరకు దారిలో కుదిరిన కూర్చోడం

మా విశాఖ ఊళ్లో తిరిగేటప్పుడు బండి మీద ఎలా కూర్చున్నామన్నది పెద్దగా తెలియదు. మద్దిలపాలెంలో బయల్దేరి జగదాంబ చేరేలోపు సిగ్నళ్ల దగ్గర ఎన్నోసార్లు కాలు కింద పెడతాం, నడుము సర్దుకుంటాం, చేతులు విదిలించుకుంటాం. ఒంటికి నొప్పి తెలిసేలోపే ఇల్లు వచ్చేస్తుంది. అదే బండిని ఆపకుండా గంటన్నర నడిపితే లోపాలన్నీ ఒక్కొక్కటే బయటపడతాయి. నాకు మొదట వెన్నుపూస చివర మొదలయ్యేది. తర్వాత కుడి మణికట్టు. ఆ తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కి యాక్సిలరేటర్ పట్టుకున్నామో లేదో కూడా తెలిసేది కాదు.

నా బండి 400 సీసీ తరగతి టూరింగ్ బండి. సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు. నా ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు. నొప్పి సంగతి చెబితే తెలిసినవాళ్లు తలా ఒక వస్తువు కొనమన్నారు. జెల్ ప్యాడ్ అన్నారొకరు, హ్యాండిల్‌ను ఎత్తు చేసే రైజర్లు అన్నారింకొకరు, గాలి నింపే సీటు కవరు తెప్పించుకోమన్నారు మరొకరు. ఏదైనా కొనేముందు, బండికి ఇప్పటికే ఉన్న నట్లూ బోల్టులతో ఎంతవరకు సర్దుకోవచ్చో చూడాలనుకున్నాను. బాగా సర్దాక, లోయలో పసుపుపచ్చగా పూసే వలిసె పూలు పోకముందే మా బావమరిదితో కలిసి అరకు వెళ్లి, పాడేరు మీదుగా తిరిగి రావాలని అనుకున్నాం.

సర్దే పనికి మన బీచ్ రోడ్డును మించిన చోటు లేదు. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు దాటుకుంటూ భీమిలి దాకా వెళ్లి రావడానికి యాభై కిలోమీటర్ల పైనే అవుతుంది. తెల్లవారుజామున ట్రాఫిక్ ఉండదు. దారి దాదాపు చదును కాబట్టి నొప్పి ఎక్కడ మొదలైందో స్పష్టంగా తెలుస్తుంది. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: ఒక్కసారికి ఒక్క మార్పు. హ్యాండిల్, సీటు, లీవర్లు అన్నీ ఒకేరోజు కదిపితే దేనివల్ల మేలు జరిగిందో ఎప్పటికీ తెలియదు.

బండికీ మనకీ మధ్య మూడు చోట్ల మాత్రమే సంబంధం. సీటు, ఫుట్ రెస్టులు, హ్యాండిల్. ఈ మూడింటి మధ్య దూరాలే మోకాలు ఎంత మడవాలో, నడుము ఎంత వంచాలో, చేతులు ఎంత చాపాలో నిర్ణయిస్తాయి. ఒకటి కదిపితే మిగతా రెండిటి లెక్కా మారుతుంది. సీటు రెండంగుళాలు పెంచితే మోకాళ్లకు సుఖం, కానీ హ్యాండిల్ అంత మేరా కిందికి పోయినట్టవుతుంది, నడుము ఇంకాస్త వంగుతుంది. పొడుగ్గా ఉన్నవాళ్లు సీటు పెంచుకుని మెడనొప్పి తెచ్చుకునేది ఇందుకే.

అన్నిటికన్నా తక్కువ పనితో ఎక్కువ సుఖం ఇచ్చింది లీవర్లు తిప్పడం. బండి మెయిన్ స్టాండు మీద నిలబెట్టి, సీటు మీద మామూలుగా కూర్చుని, కళ్లు మూసుకుని చేతులు హ్యాండిల్ మీద వేశాను. వేళ్లు చాపి కళ్లు తెరిచి చూస్తే, అవి క్లచ్ లీవరుకు బాగా కింద ఉన్నాయి. అంటే క్లచ్ పట్టుకోవాలన్న ప్రతిసారీ మణికట్టు పైకి విరిచి వేళ్లు ఎత్తాల్సి వస్తోందన్నమాట. లీవరు బిగించే బోల్టును ఎల్ కీతో అర చుట్టు వదులు చేసి, మోచేయి, మణికట్టు, వేలి కొస ఒకే గీతలో ఉండేదాకా కిందికి తిప్పాను. వేలి మందం కన్నా ఎక్కువ కదల్లేదు. ముందు బ్రేకు లీవరుకూ అంతే. బోల్టు మళ్లీ మరీ గట్టిగా బిగించకూడదు. బండి పడినప్పుడు లీవరు విరక్కుండా తిరిగేలా ఉండాలి.

తిమ్మిరి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఏ వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయో గమనిస్తే కారణం సగం దొరికినట్టే. చిటికెన వేలు, ఉంగరం వేలు అయితే అరచేతి బయటి అంచు మీద, అల్నార్ నరం మీద ఒత్తిడి పడుతోందని గుర్తు. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు అయితే మణికట్టు మధ్యగా వెళ్లే మీడియన్ నరం. నాది మొదటి రకం. ఒంటి బరువంతా అరచేతుల మీద మోపి, గ్రిప్పులను పిండినట్టు పట్టుకుంటే ఇలా జరుగుతుంది. హ్యాండిల్ క్లాంపులు వదులు చేసి, బార్‌ను కొద్దిగా నా వైపు తిప్పాక మోచేతులు వంగాయి, బరువు తగ్గింది. ఇలా తిప్పాక హ్యాండిల్‌ను కుడికీ ఎడమకీ పూర్తిగా తిప్పి, కేబుళ్లు ఎక్కడా లాగడం లేదనీ, గ్రిప్పు ట్యాంకుకు తగలడం లేదనీ చూసుకోవడం తప్పనిసరి. తిప్పినప్పుడు ఇంజిన్ దానంతటదే రేజ్ అవుతోందంటే కేబుల్ లాగుతున్నట్టే.

ఇక సీటు. కంచరపాలెంలో సీట్లు కుట్టే ఒక ముసలి మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. మెత్తటి ఫోము వేయమని అడుగుదామని వెళ్తే ఆయన ముందే అడిగాడు.

"ఎంత దూరం ఎల్తారు బాబూ?"

"అరకు, పాడేరు."

"అయితే మెత్తగా ఏయకూడదు. మెత్తగా ఏస్తే మొదటి గంట బాగుంటాది. రెండో గంటకి అణిగిపోయి కింద ప్లేటు తగుల్తాది. గట్టి ఫోము ఎయ్యాల."

నన్ను బండి మీద కూర్చోబెట్టి, తొడలు సీటును తాకుతున్న చోట సుద్దముక్కతో గీతలు గీశాడు. తర్వాత దిగమని, సీటు మీద అరచేత్తో ముందు నుంచి వెనక్కి నెమ్మదిగా రాశాడు. "ఇక్కడ చూడండి, జారుడుగా ఉంది. బ్రేకు ఏసినప్పుడల్లా మీరు ట్యాంకు మీదకి ఎల్లిపోతన్నారు. మళ్లీ వెనక్కి జరుగుతన్నారు. అదే మీ నొప్పి" అన్నాడు. ఒంటి బరువు మోయాల్సింది పిరుదుల కింద ఉండే రెండు ఎముకలు. జారుడు సీటు మీద నడుము వెనక్కి గూనిలా వాలిపోయి ఆ బరువు వెన్నుపూస కొస మీదకు వస్తుంది. ముందు వైపు గట్టి ఫోముతో ఎత్తు చేసి, సుద్దగీతల దగ్గర పక్కలు చెక్కేశాడు. సీటు చదునైంది, పక్కలు సన్నబడ్డాయి కాబట్టి నా కాళ్లు నేలకు ఇంకాస్త బాగా అందుతున్నాయి. ఆయన చేతి పనికి నేను ఎంత రుణపడి ఉన్నానో అరకు దారిలో తెలిసింది.

డిసెంబరు చలిలో, ఇంకా చీకటి ఉండగానే బయల్దేరాం. ఎన్ఏడీ కూడలి, గోపాలపట్నం, వేపగుంట, పెందుర్తి, కొత్తవలస. ఈ భాగం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, లారీలూ స్పీడ్ బ్రేకర్లూ తప్ప. సామాను ఈసారి వీపు మీద వేసుకోకుండా వెనక సీటుకు కట్టాను. బ్యాగు భుజాలకు ఉంటే ఆ బరువు కూడా పిరుదుల మీదే పడుతుంది. సామాను బరువుకు బండి వెనక భాగం కుంగకుండా షాకబ్జార్బరు స్ప్రింగు రెండు మెట్లు బిగించాను. వెనక కుంగితే హెడ్‌లైటు చెట్ల కొమ్మల మీద పడడమే కాదు, కూర్చునే కోణం కూడా మారిపోతుంది.

ఎస్.కోటలో ఇడ్లీ తిని టీ తాగాం. నొప్పి లేకపోయినా దిగి నాలుగడుగులు వేయాలని ముందే అనుకున్నాం. నొప్పి వచ్చాక ఆగితే అది ఆరోజంతా మనతోనే ఉంటుంది. ముందే ఆగితే రాదు. నీళ్లు కూడా అంతే. చలికాలంలో దాహం తెలియదు గానీ, హెల్మెట్‌లో గాలి కొట్టి ఒళ్లు ఎండిపోతుంది. కండరాలు పట్టేయడానికి అదీ ఒక కారణం.

బొడ్డవర దాటాక ఘాట్ మొదలైంది. మలుపుల్లో ఒకచోట కుదురుగా కూర్చోవడం కుదరదు, కూడదు కూడా. పాదాల ముందు భాగం ఫుట్ రెస్టు మీద పెట్టి, మలుపుకు బయటి వైపు మోకాలిని ట్యాంకుకు ఆనించి వెళ్తుంటే చేతులకు పని తగ్గిపోయింది. గ్రిప్పుల మీద వేళ్లు వదులుగానే ఉన్నాయి. తైడ దాటి డముకు వ్యూపాయింట్ దగ్గర ఆగేసరికి నా ఉంగరం వేలు మామూలుగానే ఉంది. చేతి తొడుగు తీసి రెండుసార్లు మడిచి చూసుకున్నాను.

అక్కడ మా బావమరిది, "బావా, ఒకసారి నీ బండి ఇవ్వవా" అన్నాడు. వాడు ఆరడుగులు. అనంతగిరి దాకా నా బండి వాడు, వాడి బండి నేను నడిపాం. దిగీ దిగగానే "ఇదేం సుఖం బావా, మోకాళ్లు పట్టేశాయి" అన్నాడు. నాకు అమరినట్టున్న సీటు మీద వాడి మోకాళ్లు లంబకోణం కన్నా ఎక్కువగా మడుచుకుపోయాయి. లీవర్లు వాడి చేతికి మరీ కిందికి ఉన్నాయి. ఎవరి బండి గురించైనా సౌకర్యంగా ఉందా అని అడిగేముందు, వాళ్ల ఎత్తెంతో అడగాలని నా గట్టి నమ్మకం. షోరూములో స్టాండు మీద ఉన్న బండి మీద రెండు నిమిషాలు కూర్చుని తేల్చుకోవడం ఇంకా కష్టం.

గాలికొండ దగ్గర పొగమంచు, తర్వాత సుంకరిమెట్ట కాఫీ తోటలు. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు. అరకు లోయలోకి దిగగానే దారికి రెండు వైపులా వలిసె చేలు పచ్చగా వెలుగుతున్నాయి. ఆరోజు అక్కడే ఉండిపోయాం. రాత్రి బొంగు చికెన్. ఎప్పుడూ బండి దిగగానే మంచం వెతుక్కునేవాణ్ని, ఆరోజు సాయంత్రం సంతలో హాయిగా నడిచి తిరిగాను.

మర్నాడు పాడేరు దారి. హుకుంపేట వైపు కొన్నిచోట్ల రోడ్డు పని జరుగుతోంది, కంకర పరిచి ఉంది. అలాంటి చోట కూర్చుని వెళ్తే ప్రతి గుంతా వెన్నుకే. ఫుట్ రెస్టుల మీద లేచి నిలబడి, మోకాళ్లు కొద్దిగా వంచి, ట్యాంకును వాటితో పట్టుకుంటే బండి కింద ఎగురుతుంది గానీ మనం కదలం. కూర్చోవడంలో ఇది కూడా భాగమే అని ఇప్పుడు అనుకుంటున్నాను. చదును రోడ్డు మీద కూడా అప్పుడప్పుడు క్షణంపాటు లేస్తే, నొక్కుకుపోయిన చోట రక్తం ఆడుతుంది.

పాడేరు నుంచి కిందికి దిగే ఘాటులోనే అసలు పరీక్ష. మోదకొండమ్మ పాదాల దగ్గర ఆగి దండం పెట్టుకుని దిగడం మొదలుపెట్టాం. దిగుడులో ఒళ్లు ముందుకు జారుతుంది. ఆ బరువును చేతులతో ఆపితే మణికట్లు పోతాయి, పైగా మలుపులో హ్యాండిల్ బిగుసుకుపోతుంది. తొడలతో ట్యాంకును నొక్కిపట్టి, పొట్ట కండరాలు కొంచెం బిగించి, సెకండ్ గేరులో, యాక్సిలరేటర్ వదిలి ఇంజినే వేగాన్ని ఆపేలా దిగాను. మేస్త్రి ఎత్తు చేసిన ముందు భాగం నన్ను ఉన్నచోటే ఉంచింది. ఘాటు దిగేదాకా ఒక్కసారి కూడా వెనక్కి జరగాల్సి రాలేదు.

మాడుగులలో ఇంటికి హల్వా కట్టించుకున్నాం. చోడవరం దగ్గర చెరకు లోడు ట్రాక్టర్ల వెనక చాలాసేపు పాకాల్సి వచ్చింది. క్లచ్ పట్టీ వదిలీ పట్టీ వదిలీ వెళ్లినా ఎడమ చెయ్యి నొప్పి పెట్టలేదు.

సబ్బవరం వైపు ఖాళీ రోడ్డు దొరికాక వేగం పెరిగింది, అక్కడ ఒక లోపం మాత్రం బయటపడింది. 80 దాటితే ముందు అద్దం (విండ్‌స్క్రీన్) మీంచి వచ్చే గాలి సరిగ్గా హెల్మెట్‌కు తగిలి తల ఊగుతోంది. ఎడమ చెయ్యి అద్దం అంచు మీద పెట్టి మెల్లగా పైకి జరిపితే గాలి సుడి ఎక్కడ మొదలవుతుందో చేతికి తెలిసింది, నా గడ్డం ఎత్తుకు. ఖాళీ రోడ్డు మీద, రెండు క్షణాలు మాత్రమే చేయాల్సిన పని ఇది. అద్దాన్ని పెంచడమా, తగ్గించడమా అన్నది బీచ్ రోడ్డు మీదే తేల్చుకోవాలి. చాలామంది పెద్ద అద్దం వేస్తారు గానీ, నాకు తగ్గించి గాలిని ఛాతీకి తగలనిస్తేనే తల నిలకడగా ఉంటుందేమో అనిపిస్తోంది.

ఇంటికి వచ్చాక లీవర్లు, హ్యాండిల్ బార్ ఉన్న చోట పెయింటు పెన్నుతో చిన్న గుర్తులు పెట్టాను. సర్వీసుకు ఇచ్చినప్పుడు ఎవరైనా కదిపినా మళ్లీ అక్కడికే తెచ్చుకోవచ్చు. మా బావమరిది ఆదివారం తన సీటు విప్పుకుని కంచరపాలెం వెళ్తున్నాడు. వాడిది రెండంగుళాలు పెంచాలి. ఆ తర్వాత హ్యాండిల్ సంగతి చూద్దామని చెప్పాను.