మూడో బెల్ బాటమ్: ఎడమ కాలు మళ్ళీ తిరిగింది

తిరిగింది. మూడోసారి కుట్టిన ప్యాంటుకి కూడా ఎడమ కాలే తిరిగింది.

శనివారం రాత్రి పదకొండింటికి ఇస్త్రీ చేసి, వేసుకుని అద్దం ముందు నిలబడ్డాను. కుడి కాలు క్రీజు తిన్నగా బూటు మీదకి దిగింది. ఎడమ కాలిది మోకాలి దాకా బుద్ధిగా వచ్చి, అక్కణ్ణించి లోపలికి జారడం మొదలుపెట్టింది. అంచు దగ్గర టేపు పెట్టి చూస్తే అంగుళంపావు పక్కన ఉంది. ఇప్పటి పద్నాలుగు అంగుళాల బాటమ్‌లో అయితే దీన్ని ఎవరూ పట్టించుకోరు. 26 అంగుళాల బెల్‌లో (బెల్ అంటే కింద అంచు చుట్టుకొలత) దాచే దారే లేదు. నడుస్తుంటే ఒక కాలు గంటలా ఊగుతోంది, రెండోది గాలికి తిరగబడ్డ గొడుగులా ఉంది.

కొత్తగా చూస్తున్నవాళ్ళ కోసం: 1976లో నాన్న విజయవాడలో స్టూడియోకి వెళ్ళి దిగిన ఫోటోలోని ప్యాంటుని మళ్ళీ కుడుతున్నాను. నడుము 34, సీటు 39, మోకాలు 17½, పొడవు 42. బెల్ 26 అనేది ఫోటోలో కనబడే బూటు ముక్కుతో పోల్చి నేను వేసిన లెక్క. నాన్న 28 అంటారు. ఆ రోజుల గురించి ఆయన చెప్పే కొలతలన్నీ రెండంగుళాలు ఎక్కువే ఉంటాయి.

మొదటిది కాటన్ డ్రిల్‌తో కుట్టాను. అది కిందికి వాలనే లేదు, దీపం చిమ్నీలా నిలబడింది. రెండోది పల్చటి పాలిస్టర్, ఫ్యాన్ వేస్తే కాళ్ళకి చుట్టుకుపోయింది. రెండింట్లోనూ ఎడమ కాలు తిరిగితే నింద గుడ్డ మీద వేసి ఊరుకున్నాను. ఈసారి గుడ్డ మంచిది, బరువైన టెరికాట్ (పాలిస్టర్, కాటన్ కలిపి నేసింది), 58 అంగుళాల పన్నా. బెల్‌కి టెరికాట్‌ని మించింది లేదన్నది నా గట్టి నమ్మకం. ప్యూర్ కాటన్‌తో రెట్రో ప్యాంట్లు కుట్టి అమ్మేవాళ్ళు డెబ్బైల ఫోటో ఒక్కటీ సరిగ్గా చూసినట్టు లేరు. ఆ కత్తిలాంటి క్రీజు, ఆ వాలు పాలిస్టర్ చలవే. అప్పట్లో బిన్నీ, గ్వాలియర్, విమల్ పేర్లు చెప్పుకుని కొనేవాళ్ళు. మద్రాసు వెళ్ళొచ్చినవాడైతే బర్మా బజార్ ఫారిన్ గుడ్డ అని చెప్పి రెండు నెలలు గొప్పలు పోయేవాడట.

సరే, ఎడమ కాలు. ఆదివారం పొద్దున అంచు మడత విప్పి ప్యాంటుని నడుము దగ్గర క్లిప్పులతో వేలాడదీశాను. క్రాసులో, అంటే పోగుకి ఏటవాలుగా, కత్తిరించిన గుడ్డ సాగుతుంది కాబట్టి బెల్ బరువుకి పక్క కుట్టు దిగిందేమో అన్నది మొదటి అనుమానం. ఒక రోజు ఆగి కొలిస్తే రెండు కాళ్ళూ సమానంగా పావంగుళం దిగాయి. అంటే అది కాదు. రెండో అనుమానం కత్తిరింపు. కాగితం నమూనా మీద పెట్టి చూస్తే ముక్కలు అచ్చంగా సరిపోయాయి.

సోమవారం సాయంత్రం మా వీధి చివరి సాయిబు గారి దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన బెల్ బాటమ్‌లు కుట్టిన కాలం మనిషి. ప్యాంటు తిరగేసి, వేలితో రెండు కుట్లూ తడిమి, ఒక్కటే అడిగారు: “ఏమయ్యా, రెండు కుట్లూ ఒకే వైపు నుంచి వేశావా?”

వేయలేదు. కుడి కాలికి రెండు కుట్లూ నడుము వైపు నుంచి కిందికి వేశాను. ఎడమ కాలికి బయటి కుట్టు పైనుంచి కిందికి, లోపలి కుట్టు కిందినుంచి పైకి. మిషన్ పక్కన గోడ అడ్డమొచ్చి, అలా అయితే చేతికి వీలుగా ఉందని.

ఇంటికొచ్చి క్రాసులో 20 అంగుళాల పట్టీలు కత్తిరించి జతలుగా కుట్టి చూశాను. కింది పొరని మిషన్ పళ్ళు లాక్కుపోతాయి, పై పొరని గుడ్డని నొక్కిపట్టే ఫుట్ వెనక్కి పడుతుంది. చివరికొచ్చేసరికి పై పొర 9 మిల్లీమీటర్లు మిగిలింది. నిలువు పోగు వెంట కత్తిరించిన పట్టీల్లో 2 మిల్లీమీటర్లే. ఫుట్ ఒత్తిడి తగ్గిస్తే క్రాసులో 4, చేత్తో కచ్చాకుట్టు వేసి కుడితే 1. నేను ముందు ముక్కని ఎప్పుడూ పైనే పెడతాను. అందుకని ఎడమ కాలికి బయటి కుట్టులో ముందు ముక్క కిందికి జారింది, లోపలి కుట్టులో పైకి జారింది. కాలు మెలిపడక ఏం చేస్తుంది? మిగిలిన గుడ్డ అంచు దగ్గరా తొడ దగ్గరా కనబడింది కూడా. అది నా కత్తిరింపు తప్పనుకుని కత్తెరతో సమం చేసేశాను. దొంగ వదిలిన ఆనవాలుని నేనే చెరిపేశాను.

రెండు కాళ్ళూ విప్పాను. నాలుగంగుళాలకొక గుర్తు పెట్టి, కచ్చాకుట్టు వేసి, మోకాలి నుంచి కిందికీ, మోకాలి నుంచి పైకీ మళ్ళీ కుట్టాను. నా పాత నల్ల ఉష మిషన్ మీదే. అయిదు వందల రకాల పువ్వులు కుట్టే కొత్త మిషన్లు నాకొద్దు, ఒక్క తిన్నని కుట్టు చాలు. అంగుళంపావు తేడా కాస్తా 3/8 అంగుళానికి దిగింది.

కానీ పోలేదు. పైగా ఇప్పటిదాకా బుద్ధిమంతుడనుకున్న కుడి కాలు కూడా ఒకసారి ఉతికి ఆరేసేసరికి పావంగుళం తిరిగింది. ఎడమది లోపలికి, కుడిది బయటికి. రెండూ నా కుడి చేతి వైపుకే! ఈ తప్పు నా కుట్టుది కాదని అక్కడే అనిపించింది. మిగిలిన గుడ్డలో అడ్డంగా ఒక పేక పోగు లాగి చూశాను. ఈ అంచు నుంచి ఆ అంచుకి వెళ్ళేలోపు అంగుళంన్నర ఏటవాలుగా పోయింది. గుడ్డే మెలికతో తయారైంది. కాటన్ అయితే తడిపి, మూలల్లో పట్టి లాగి సరిచేసుకునేవాణ్ణి. పాలిస్టర్ కలిసిన గుడ్డని మిల్లులో వేడి మీద అలాగే బిగించేస్తారు, ఎంత లాగినా మళ్ళీ అక్కడికే వస్తుంది. మిగిలిన మెలికంతా దీనివల్లేనా అన్న అనుమానం ఇంకా ఉంది. కొన్న షాపతను మాత్రం “ఈ రోజుల్లో పోగు చూసేదెవరు సార్” అన్నాడు.

మిగతావన్నీ కుదిరాయి. మడమ దగ్గర అంచు అరిగిపోకుండా లోపల కుట్టిన ఇత్తడి జిప్పు పట్టీ అచ్చం అప్పటిలాగే గచ్చు మీద కరకరలాడుతోంది. నాలుగున్నర అంగుళాల కాలర్ చొక్కా కూడా అయిపోయింది.

నాలుగోదానికి ఈసారి షాపులోనే పోగు లాగి చూసి కొంటాను, తిట్టినా సరే. వన్‌టౌన్‌లో పాత స్టాకు సూటింగ్ ముక్కలు దొరుకుతాయంటున్నారు, వచ్చే ఆదివారం బస్సెక్కాలి. కాఫీ రంగు దొరికితే ఇంకేం కావాలి. గుడ్డ కలిసొస్తే బెల్ 28కి పెంచుతాను, నాన్న గోల కూడా తీరుతుంది. యాభై దాటిన ఎన్టీఆరే 1977లో బెల్ బాటమ్ వేసి స్టెప్పులేస్తే తనకేం తక్కువని, డెబ్బై దాటిన మా నాన్న తన కొలతలు కూడా తీసుకోమంటున్నారు. నడుము 40 వచ్చింది. కింద 28 ఆ నడుముకి ఆనుతుందా, 30 పెట్టాలా అన్నది రేపు కాగితం మీద గీసి చూడాలి.