ఇంజను దించకుండా హోండా సీబీ350: ఏడు నెలల పని

ఏడు నెలలుగా నా గ్యారేజీలో ఉన్న బండి 1971 నాటి హోండా సీబీ350. ఈమధ్య అదే పేరుతో వచ్చిన ఒంటి సిలిండరు బండికీ దీనికీ సంబంధం లేదు. ఇది 1968 నుంచి 1973 వరకు తయారైన రెండు సిలిండర్ల బండి, పేరులో 350 ఉన్నా అసలు సామర్థ్యం 325 సీసీ. చాలా ఏళ్లు కదలకుండా షెడ్డులో నిలిచిపోయిన ఈ బండిని నాకు అమ్మినవారు, ఎడమ సిలిండరులో పిస్టను రింగులు అరిగిపోయాయని, ఇంజను దించి విప్పక తప్పదని గట్టిగా చెప్పారు. కొలతలు ఆ మాటను నిజమని తేల్చేవరకు సిలిండరు హెడ్డును కదపకూడదని మొదటి రోజే నిర్ణయించుకున్నాను. ఆ నిర్ణయం సరైనదో కాదో తెలియడానికి రెండు నెలలు పట్టింది.

మొదటి నెల

పాత జపాన్ బండి మీద చేయి వేసేముందు స్క్రూడ్రైవర్ మార్చుకోవాలి. దాని స్క్రూల తలల మీది ప్లస్ గాడి చూడటానికి మామూలు ఫిలిప్స్ లాగే ఉంటుంది కానీ, అది జేఐఎస్ అనే జపాన్ పారిశ్రామిక ప్రమాణానికి చెందినది. ఫిలిప్స్ మొన ఆ గాడి అడుగుదాకా కూర్చోదు, బలం పెట్టగానే పైకి జారి గాడిని తినేస్తుంది. నా బండి క్రాంక్‌కేసు మూతల మీద ఉన్న స్క్రూలలో సగం ఇంతకుముందు పనిచేసినవారి చేతుల్లో అలాగే గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయి. జేఐఎస్ మొన తగిలించిన ఇంపాక్ట్ డ్రైవరును సుత్తితో కొట్టి చాలావాటిని తీయగలిగాను. మూడింటికి మాత్రం తలలు డ్రిల్లు చేయవలసి వచ్చింది.

ఆ తర్వాత రెండు ప్లగ్గులూ తీసి, ఒక్కొక్క రంధ్రంలో రెండు చెంచాల ఇంజను ఆయిలు పోసి రెండు రోజులు వదిలేశాను. ఎడమవైపు ఉన్న ఆల్టర్నేటర్ రోటరు బోల్టుకు స్పానరు తగిలించి, గడియారం ముళ్లకు ఎదురు దిశలో మెల్లగా తిప్పితే క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఎక్కడా పట్టకుండా తిరిగింది. ఎండిపోయిన సిలిండర్ల మీద ఒక్కసారిగా కిక్కు కొడితే పాడయ్యేది రింగులే కాబట్టి ఈ రెండు రోజుల ఓపిక చాలా అవసరం.

రెండో నెల

ఈ పని మొత్తంలో నేను ఎక్కువ నేర్చుకున్నది కంప్రెషన్ (సిలిండరులో గాలి ఒత్తిడి) కొలతల దగ్గరే. త్రాటిల్ పూర్తిగా తెరిచి, రెండు ప్లగ్గులూ తీసి కొలిస్తే కుడి సిలిండరు చదరపు సెంటీమీటరుకు 11 కిలోలు, ఎడమది 6 కిలోలు చూపించాయి. 6 అంటే రింగుల మాట నిజమేనేమో అనిపించింది. అయితే ఎడమ సిలిండరులో ఒక చెంచా ఆయిలు పోసి మళ్లీ కొలిచినా అంకె దాదాపు కదలలేదు. రింగులు అరిగి ఉంటే ఆ ఆయిలు సందును తాత్కాలికంగా మూసి కొలతను పెంచేది. పెరగలేదంటే గాలి పోతున్నది వాల్వు దగ్గరనుంచి అన్నమాట.

అప్పుడు టాపెట్ క్లియరెన్సులు, అంటే వాల్వు కాడకూ దాన్ని నొక్కే రాకరుకూ మధ్య సందులు, చూశాను. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఇన్లెట్‌కు 0.05 మిల్లీమీటరు, ఎగ్జాస్టుకు 0.10 మిల్లీమీటరు ఉండాలి. ఎడమ ఎగ్జాస్టులో నా దగ్గరున్న, సందు కొలిచే అతి పలుచని ఫీలర్ ఆకు కూడా దూరలేదు, రాకరును వేళ్లతో ఊపితే ఆవగింజంత కదలిక లేదు. వాల్వు ఏళ్ల తరబడి తన సీటులోకి అరుగుతూ దిగితే దాని కాడ పైకి లేచి ఈ సందు క్రమంగా మాయమవుతుంది. సందు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, మంట మీద సీటు కాలిపోవడానికి ఎంతో కాలం పట్టదు.

ఈ బండిలో క్లియరెన్సును స్క్రూతో కాక, రాకరు షాఫ్టును తిప్పి సరిచేయాలి. షాఫ్టు కేంద్రం నుంచి కొంచెం పక్కకు చేసి ఉంటుంది కాబట్టి తిప్పినకొద్దీ రాకరు పైకో కిందికో జరుగుతుంది. షాఫ్టు చివర ఉన్న గుర్తు హెడ్డు మధ్యవైపు కాక బయటివైపు చూడాలి. నా ఎడమ ఎగ్జాస్టు షాఫ్టు గుర్తు లోపలికి తిరిగి ఉంది. రోటరు మీది ఎల్‌టీ గీతను (ఎడమ పిస్టను పైకి చేరిందని చూపే గుర్తు) సూచికకు కలిపి, ఇన్లెట్ రాకరు కిందికి దిగి పైకి వచ్చిన తరువాతి ఎల్‌టీయే అది అని నిర్ధారించుకున్నాక లాక్‌నట్టు వదులు చేసి షాఫ్టును తిప్పాను. మామూలుగా రాకర్లు రెండూ వదులుగా ఉండటాన్ని చూసి కంప్రెషన్ స్ట్రోకును గుర్తుపట్టవచ్చు కానీ, ఒక రాకరు బిగుసుకుపోయి ఉన్నప్పుడు ఆ పద్ధతి మోసం చేస్తుంది. 0.10 ఆకు వేళ్ల మధ్య సన్నగా పట్టి వదిలినట్టు జారేవరకు సరిచేసి, లాక్‌నట్టు బిగించాక మళ్లీ చూశాను, ఎందుకంటే బిగింపులో షాఫ్టు కొంచెం తిరుగుతుంది.

తిరిగి కొలిస్తే ఎడమ సిలిండరు 10.5 చూపించింది. ఆ అంకెను పుస్తకంలో రాసుకుంటున్నప్పుడు కలిగిన ఆనందం, తరువాత ఇంజను మొదటిసారి మోగినప్పుడు కూడా అంతగా కలగలేదు.

మూడు, నాలుగు నెలలు

ట్యాంకు లోపల తుప్పు పెచ్చులుగా ఉంది. 12 లీటర్ల ట్యాంకులో గోరువెచ్చని నీళ్లు నింపి, లీటరుకు 50 గ్రాముల చొప్పున సిట్రిక్ ఆమ్లం కలిపి ఒకరోజంతా ఉంచాను. లోహం తెల్లగా మెరిసింది. కడిగి ఆరబెట్టాలని బయట పెట్టి, మరో పనిలో పడి గంట తరువాత చూస్తే లోపలంతా పల్చని నారింజ రంగు తుప్పు కమ్మేసింది. రెండోసారి మళ్లీ ఆమ్లం పెట్టి, తీసిన వెంటనే తినే సోడా కలిపిన నీళ్లతో కడిగి, వేడి గాలితో ఆరబెట్టి, కొద్దిగా ఆయిలు కలిపిన పెట్రోలును అన్ని మూలలకూ తిప్పాను. కడగడానికీ ఆరబెట్టడానికీ మధ్య విరామం ఉండకూడదు.

రెండు కైహిన్ కార్బురేటర్లలో పైలట్ జెట్టులు (తక్కువ వేగంలో పెట్రోలు వచ్చే సన్నని రంధ్రాలున్న ముక్కలు) పూర్తిగా మూసుకుపోయి ఉన్నాయి. జెట్టును దీపానికి ఎదురుగా పట్టుకుంటే వెంట్రుకంత రంధ్రంలోంచి వెలుగు గుండ్రంగా కనిపించాలి. అంచు కొరికినట్టు కనిపిస్తే ఇంకా జిగురు ఉన్నట్టే. ఇనుప తీగ పెడితే రంధ్రం పెద్దదవుతుంది కాబట్టి కార్బురేటర్ క్లీనరులో నానబెట్టి, రంధ్రంకన్నా సన్నని నైలాన్ పోగుతో తుడిచాను. కార్బురేటరు లోపలి పిస్టను పైన ఉండే రబ్బరు డయాఫ్రమ్‌లను కూడా దీపం ముందు సాగదీసి చూశాను, ఎక్కడా చిల్లు లేదు. పిస్టనును పైకెత్తి, గాలి దారిని వేలితో మూసి వదిలితే అది చాలా నెమ్మదిగా దిగాలి; రెండూ అలాగే దిగాయి.

ఐదో నెల

ఈ ఇంజనులో క్రాంకు 180 డిగ్రీలది, అంటే ఒక పిస్టను పైనుంటే రెండోది కింద ఉంటుంది. అందుకే రెండు జతల పాయింట్లు (నిప్పురవ్వ పుట్టే క్షణాన్ని నిర్ణయించే స్విచ్చులు), రెండు కాయిల్సు, ఒక్కొక్క సిలిండరుకు విడిగా టైమింగు ఉంటాయి. పాయింట్ల ముఖాలు శుభ్రం చేసి, సందు 0.35 మిల్లీమీటరుకు పెట్టి, కండెన్సరు మార్చి, టెస్ట్ ల్యాంపు సరిగ్గా ఎడమవైపు ఎల్‌ఎఫ్ గీత దగ్గర, కుడివైపు ఎఫ్ గీత దగ్గర (ఆయా సిలిండర్లలో నిప్పురవ్వ పుట్టాల్సిన గుర్తులు) వెలిగేట్టు సరిచేశాను. ఎడమదాన్ని ముందు సరిచేయాలి, ఎందుకంటే పాయింట్లు బిగించిన మూల పలకను కదిపితే కుడి పాయింట్లు కూడా దానితోపాటు కదులుతాయి.

కొత్త బ్యాటరీ, కొత్త ప్లగ్గులు, 2 లీటర్ల తాజా ఆయిలుతో నాలుగో కిక్కుకు ఇంజను పలికింది. పొగ రెండు నిమిషాలు వచ్చి ఆగిపోయింది. అది నేను పోసిన ఆయిలే. వేడెక్కాక వాక్యూమ్ గేజులతో రెండు కార్బురేటర్లనూ సమం చేసి, ఐడిల్ 1,200 ఆర్‌పీఎం దగ్గర పెట్టాను.

ఆరు, ఏడు నెలలు

టైర్లు, ట్యూబులు, బ్రేకు షూలు, కేబుళ్లు మార్చాను. పాత షూల పొడిలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి గాలి కొట్టకుండా తడిగుడ్డతో తుడిచి తీశాను. వైరింగులో ఆకుపచ్చ తీగలన్నీ ఎర్తువే. ఫ్రేముకు కలిసే చోట రంగు గీకి బోల్టు బిగించగానే మినుకుమినుకుమనే దీపాలు నిలకడగా వెలిగాయి.

ఈ ఇంజనుకు కాగితపు ఆయిల్ ఫిల్టరు లేదు. క్రాంకు కుడి చివర గిర్రున తిరిగే గిన్నె ఒకటి మలినాలను అంచులకు విసిరి పట్టి ఉంచుతుంది. దీన్ని అప్పుడప్పుడూ తెరిచి శుభ్రం చేయాలన్న సంగతి తెలియనివారు చాలామంది ఉంటారు. సర్క్లిప్ (గాడిలో కూర్చునే ఉంగరం లాంటి క్లిప్పు) తీసి మూత లాగితే మొదటిసారి లోపలి గోడల చుట్టూ వేలి మందాన, కొవ్వొత్తి మైనంలా గట్టిపడిన నల్లటి మడ్డి ఉంది. చెక్క పుల్లతో గీకి తీయడానికి ఒక సాయంత్రం పట్టింది. 300 కిలోమీటర్లు నడిపి నిన్న మళ్లీ తెరిచాను: గోడల మీద గుడ్డతో తుడిస్తే పోయే పల్చని బూడిదరంగు పొర తప్ప మరేమీ లేదు, అయస్కాంతానికి అంటే రజను కూడా కనబడలేదు. అదే రోజు చల్లని ఇంజను మీద ఎడమ ఎగ్జాస్టు సందు చూస్తే 0.10 ఆకు పెట్టినప్పటిలాగే జారింది. సర్క్లిప్ తిరిగి గాడిలో కూర్చోబెట్టి మూత బిగించాను. వచ్చే వారం, ముందు చక్రం ఫోర్కుల ఆయిల్ సీళ్లు విప్పుతాను.