అట్టపెట్టెలో ఆగిపోయిన బొంతలు: ఇప్పటిదాకా అయిన పని

బీరువా మీది అట్టపెట్టె దించి లెక్క చూస్తే తేలినవి ఇవీ. పెడన కలంకారీ ముక్కలతో కుట్టిన నైన్ ప్యాచ్ బ్లాకులు (తొమ్మిది గళ్ళు అతికి చేసే చదరపు ముక్కలు) ఒక కట్ట. మావారి పాత చొక్కాలతో అనుకున్న లాగ్ క్యాబిన్ అనే పట్టీల నమూనా, పట్టీలుగా కోసి రబ్బరు బ్యాండు వేసి ఉంది. ఒహాయో స్టార్ అనే నక్షత్రం నమూనా కోసం కోసిన త్రికోణాలు. పోచంపల్లి జాకెట్టు గుడ్డ ముక్కలతో చేత్తో కుట్టిన ఆరు మూలల పువ్వులు, బిస్కెట్ల డబ్బా నిండా. అన్నిటికన్నా అడుగున, అత్తయ్య ఎప్పుడో మొదలుపెట్టి వదిలేసిన చీరల బొంత.

ఇన్ని ఎందుకు ఆగాయంటే నాకు తోచింది ఒకటే. బ్లాకు కుట్టడం సరదా పని. వంటయ్యాక కాసేపు కూర్చుంటే ఒకటి చేతిలో ఉంటుంది, గోడకి గుచ్చి చూసుకోవచ్చు. అసలు కష్టం పైభాగం అంతా అతికాక మొదలవుతుంది. పై గుడ్డ, లోపలి పొర, అడుగు గుడ్డ మూడూ నేలమీద ముడత లేకుండా పరచాలి, పిన్నీసులు పెట్టాలి, ఆ బరువంతా మిషను కింద దూర్చాలి. క్విల్టులు, అంటే ఇలా బ్లాకులతో కుట్టే విదేశీ పద్ధతి బొంతలు, ఆగేది అక్కడే. మన బొంతకి ఆ దశే లేదు. మొదటి కుట్టు పడేసరికే పొరలన్నీ ఒకదానిమీద ఒకటి ఉంటాయి. కర్ణాటక ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ (ఆఫ్రికా మూలాలున్న తెగ) ఆడవాళ్ళు కుట్టే కవందీ అనే బొంత కూడా అంతే. చీర పరిచి, ఒక మూల నుంచి ముక్కలు పెట్టుకుంటూ, అంచు మడుస్తూ, అదే కుట్టుతో పొరల్నీ కలుపుతూ చుట్టూ తిరిగి మధ్యకి వస్తారు. అందుకని ఈ విడత పెట్టుకున్న నియమం: వీలున్నచోటల్లా పొరలు ముందే కలిసిపోవాలి.

నైన్ ప్యాచ్ – పూర్తయింది

దీన్ని మాత్రం మామూలు పద్ధతిలోనే లాక్కొచ్చాను, బ్లాకులన్నీ అయిపోయి ఉన్నాయి కాబట్టి. కొత్తగా కుట్టేవాళ్ళకి కొలత చెప్తాను. కుట్టాక 9 అంగుళాలు రావాల్సిన బ్లాకుకి ఒక్కో గడి 3½ అంగుళాలకి కొయ్యాలి, అన్నివైపులా పావంగుళం కుట్టులోకి పోతుంది. గళ్ళు విడివిడిగా కొయ్యొద్దు. 3½ వెడల్పు పట్టీలు మూడేసి కలిపి కుట్టి, ఆ కుట్టినదాన్ని అడ్డంగా మళ్ళీ 3½ చొప్పున కొయ్యాలి. ముదురు, లేత, ముదురు వరసలో రెండు కట్లు, లేత, ముదురు, లేత వరసలో ఒక కట్టు చేసుకుంటే, 44 అంగుళాల పన్నా గుడ్డ ఉతికాక కాస్త కుదించుకున్నా 11 బ్లాకులు ధీమాగా వస్తాయి. ఇస్త్రీలో కుట్టు మడతల్ని ఎప్పుడూ ముదురు రంగు వైపుకే తిప్పాలి. అలా చేస్తే పక్క పక్క వరసల మడతలు ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మూలలు కలపడానికి పిన్ను కూడా అక్కర్లేదు.

నా కట్టలో బ్లాకులు కొన్ని 9½, కొన్ని 9¼ ఉన్నాయి (కుట్టుకి వదిలినదాంతో కలిపి). కొన్ని పాత తొక్కుడు మిషను మీద, కొన్ని కరెంటు మిషను మీద కుట్టినవి మరి, రెండిటి ఫుట్ వెడల్పూ ఒకటి కాదు. కుట్టు అర నూలు (కొలతలో నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు) లోపలికి జరిగితే చాలు, రెండు ముక్కల నుంచీ తింటుంది కాబట్టి ఒక నూలు పోతుంది. బ్లాకుకి అడ్డంగా రెండు కుట్లు, అంటే రెండు నూళ్ళు. పావంగుళం లెక్క సరిపోయింది కదా! వీటిని విప్పి మళ్ళీ కుట్టడం దండగ. ఒక్కోదాని చుట్టూ 2 అంగుళాల గోధుమరంగు పట్టీ వేసి, అన్నిటినీ 12 అంగుళాలకి కోసేశాను. తేడా ఆ పట్టీలోనే సర్దుకుంది, ఎవరూ కనిపెట్టలేరు.

కలంకారీతో కుట్టేవాళ్ళు గుడ్డని ఉతక్కుండా కొయ్యకండి. తడి తెల్లగుడ్డ మీద ముక్క పెట్టి వేడి ఇస్త్రీ అదిమితే రంగు దిగే సరుకో కాదో అక్కడికక్కడే తెలుస్తుంది. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని అందరూ చెప్తారు గానీ నాకు నమ్మకం లేదు. అంటుకోని రంగు పోయి నీళ్ళు తేటగా వచ్చేదాకా ఉతకడమే మందు. ఇంకొకటి, నల్లగీతలు. బెల్లంలో ఇనుము ఊరబెట్టి చేసే ఆ నలుపు ఏళ్ళు గడిచేకొద్దీ నూలుని తినేస్తుంది. మ్యూజియాల్లోని పాత చీటీ గుడ్డల్లో (పువ్వుల అద్దకం నూలుబట్టలు, ఇంగ్లీషులో చింట్జ్) నలుపు ఉన్నచోటే చిరుగు కనపడటానికి కారణం ఇదే. కాబట్టి నలుపు దట్టంగా ఉన్న ముక్కల్ని చేతులు ఎక్కువ పడే అంచు వరసల్లో పెట్టలేదు, లోపలికి జరిపాను.

చీటీ గుడ్డల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. మచిలీపట్నం చుట్టుపక్కల నుంచీ, కోరమాండల్ తీరం నుంచీ వెళ్ళిన అద్దకం గుడ్డలకి ఇంగ్లండులో గిరాకీ ఎంతలా పెరిగిందంటే, అక్కడి నేతగాళ్ళ గోల పడలేక 1721లో పార్లమెంటు అద్దకం నూలుబట్టలు కట్టుకోవడాన్నీ ఇంట్లో వాడడాన్నీ నిషేధిస్తూ చట్టం చేసింది. 1774 దాకా అది పోలేదు. ఖరీదైన ఆ గుడ్డలోంచి పువ్వుల్నీ పిట్టల్నీ కత్తిరించి తెల్లగుడ్డ మీద పరిచి కుట్టే పద్ధతి ఇంగ్లండులోనూ అమెరికాలోనూ బాగా నడిచింది. అంటే బ్లాకుల పేర్లు అమెరికావే అయినా, ఈ కళలోకి మన గుడ్డ ఎప్పుడో వెళ్ళి కూర్చుంది.

లోపలి పొర కోసం దూది పరుపులాంటి వాడింగ్ తెచ్చి చూపిస్తే అత్తయ్య వేళ్ళతో నలిపి చూశారు.

"వానాకాలంలో ఉతికితే ఇదెప్పటికి ఆరుద్ది?"

"మరి ఏం పెట్టమంటారు అత్తయ్యా?"

"పాత నేతచీర పెట్టు. రెండు పొరలు చాలు ఈ ఊరికి."

బెజవాడ ఎండల సంగతి తెలిసినవాళ్ళు ఆ మాట కాదనలేరు. మెత్తబడిన నేతచీర రెండు పొరలు పెట్టాను. పల్చగా ఉండటంతో మిషను కింద తిప్పడం కూడా తేలికైంది. అడుగు గుడ్డ పైభాగం కన్నా నాలుగు వైపులా 4 అంగుళాలు పెద్దది ఉండాలి. దాన్ని నేలమీద బిగుతుగా లాగి టేపు అంటించి, మీద మిగతా పొరలు పరిచి, బెత్తెడుకొక పిన్నీసు పెట్టాను. కుట్టు మధ్యలోంచి మొదలుపెట్టి అంచులకి వెళ్ళాలి, లేకపోతే ముడతలు నడుమ చేరతాయి. మూల నుంచి మూలకి ఏటవాలు గీతలు, అంతే. మోకాళ్ళు మాత్రం నావి కాకుండా పోయాయి.

అడ్డం అయిదు, నిలువు ఆరు బ్లాకులు, 57½ × 69 అంగుళాలు తేలింది. చుట్టుకొలత 253. మూలలకీ అతుకులకీ ఇంకో 12 కలుపుకుంటే 265. రెండు మడతల అంచుపట్టీకి 2¼ వెడల్పున పన్నా పొడవు పట్టీలు ఏడు కావాలి. అర మీటరు గుడ్డ సరిపోయింది. క్రాస్‌లో (ఏటవాలుగా) కొయ్యాల్సిన పని లేదు, అంచులు తిన్ననివే కాబట్టి నిలువు అడ్డాల్లో కోసినదే బాగా నిలుస్తుంది. చీర అంచుని పట్టీగా వాడదామని చాలామందికి బుద్ధి పుడుతుంది. జరీ ఉంటే వద్దు, మూల దగ్గర మడత కూర్చోదు, పడుకున్నప్పుడు మెడకి గీరుకుంటుంది.

లాగ్ క్యాబిన్ – కుడుతున్నాను

నాకు అన్నిటికన్నా ఇష్టమైన బ్లాకు. మధ్యలో ఎర్రగడి, అది ఇంటి పొయ్యికి గుర్తని చెప్తారు. చుట్టూ దుంగల్లా పట్టీలు, రెండు పక్కలు లేత రంగు, రెండు పక్కలు ముదురు. అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే ఊరి నల్లజాతి ఆడవాళ్ళు దీన్నే చతురస్రంలో చతురస్రంగా పెంచి హౌస్‌టాప్ అంటారు. అరిగిపోయిన పనిబట్టలతో కుట్టిన వాళ్ళ బొంతలు 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో ప్రదర్శనకెక్కాయి, 2006లో అమెరికా తపాలా బిళ్ళలమీదా వచ్చాయి. వాటి ఫొటోలు చూశాక చొక్కాల గీతలు ఒకదానికొకటి సరిగ్గా కలవాలన్న పట్టుదల వదిలేశాను.

ఇక్కడే బొంత పద్ధతి పనికొచ్చింది. 11 అంగుళాల అడుగు గుడ్డ, దానిమీద 10 అంగుళాల పాత పంచె ముక్క రెండు పొరలు, మధ్యలో 2 అంగుళాల ఎర్రగడి. ఇక 1½ వెడల్పు పట్టీని గడి మీద బోర్లా పెట్టి అన్ని పొరల్లోంచీ కుట్టడం, తిప్పి గోటితో గీయడం, పక్కది పెట్టడం. నాలుగు చుట్లు తిరిగేసరికి 10 అంగుళాల బ్లాకు తయారు, దాంతోపాటే లోపలి కుట్టు కూడా అయిపోతుంది. వెనక తిప్పితే చతురస్రంలో చతురస్రం గీతలు పడి ఉంటాయి. దారం అడుగు గుడ్డ రంగుదే బాబిన్లో పెట్టుకోండి.

బ్లాకుల్ని కలిపేటప్పుడు చివరి చుట్టు పట్టీలు అంచువైపు పొరలకి అంటుకోకుండా ఉంటాయి కదా, అడుగు గుడ్డనీ పంచె పొరల్నీ వెనక్కి మడిచి పిన్ను పెట్టి, పై గుడ్డలు మాత్రమే పావంగుళంలో కుట్టాలి. తరవాత పంచె పొరలు ఒకదానికొకటి ఆనేలా కత్తిరించి, ఒక బ్లాకు అడుగు గుడ్డని పల్చగా పరిచి, రెండోదాన్ని మడిచి దానిమీద చేత్తో హెమ్మింగ్ చెయ్యాలి. ఈ హెమ్మింగే నిదానం. కానీ ఒళ్ళో పెట్టుకుని చేసుకోవచ్చు, నేలమీద పాకక్కర్లేదు. బ్లాకుల అమరికలో నాగటిచాళ్ళ వరస ఎంచుకున్నాను. లేత, ముదురు భాగాలు ఏటవాలు చాళ్ళుగా పడతాయి. రెండు వరసలు కలిశాయి.

ఒహాయో స్టార్ – చిన్నదిగా ముగించాను

పెద్ద దుప్పటి ఆశ మానుకుని నాలుగు నక్షత్రాలతో బల్లమీద పరిచే గుడ్డ కుట్టాను. ఈ బ్లాకులో తలనొప్పి అంతా నాలుగు త్రికోణాల గళ్ళతో. 3 అంగుళాల గడికి 4¼ చతురస్రాలు తీసుకోవాలి. లేతది ఒకటి, ముదురుది ఒకటి కలిపితే రెండు గళ్ళు వస్తాయి, బ్లాకుకి నాలుగు కావాలి. త్రికోణం పొట్టి అంచులు రెండూ క్రాస్‌లో పడి సాగుతాయి, కోసి పెట్టెలో పడేసినవైతే మరీను. దీనికి గంజిని మించింది లేదు. గుడ్డని కొయ్యకముందే చిక్కటి గంజి పెట్టి ఆరేసి ఇస్త్రీ చేస్తే కాగితంలా నిలబడుతుంది. ఇప్పటికే కోసేసిన త్రికోణాలకి గంజినీళ్ళు చిలకరించి, ఇస్త్రీ పెట్టెని రుద్దకుండా అదిమి ఎత్తాను. కుట్టాక ప్రతి గడినీ 3½కి చెక్కాలి. పని పూర్తవగానే గంజి పోయేలా ఉతికి దాచండి, పురుగు పడుతుంది.

ఆరు మూలల పువ్వులు – పొరలమీదికి ఎక్కుతున్నాయి

వీటికి లోపల అట్ట కావాలి. మనకి శుభలేఖలున్నాయి! అంగుళం భుజంతో ఆరు మూలల ముక్కలు కోసి, గుడ్డ అంచులు వెనక్కి మడిచి కచ్చా కుట్లు వేసి, పక్కపక్కన పెట్టి అంచుమీద సన్నగా కుట్టడమే. నడుమ ఒకటి, చుట్టూ ఆరు, దాని చుట్టూ పన్నెండు. ఇంగ్లండులో తేదీ ఉన్న అతుకుల పనుల్లో తెలిసినంతలో అన్నిటికన్నా పాతది 1718 నాటి పట్టు దుప్పటి, దాని కాగితాలు ఇప్పటికీ లోపలే ఉన్నాయి. నా పువ్వుల్లో ఒకదాని వెనక "ముహూర్తం: ఉదయం గం. 10" దాకా కనపడుతోంది, ఎవరి పెళ్ళో అంతుబట్టలేదు. పోచంపల్లి గుడ్డ దళసరి, పోగులు ఊడతాయి కాబట్టి పావంగుళం కాకుండా మూడు నూళ్ళు వదలడం మేలు.

పువ్వుల్ని ఒకదానితో ఒకటి కలిపి పెద్ద తోట చెయ్యాలంటే ఏళ్ళు పడుతుంది. అందుకని పొరలు ముందే పరిచి కచ్చా కుట్లతో పట్టించి, అట్టలు తీసేసిన పువ్వుల్ని నేరుగా వాటిమీద పెట్టి అంచుల వెంట అన్ని పొరల్లోంచీ చేతికుట్టు వేస్తున్నాను. మధ్య ఖాళీల్లో వరస కుట్లు.

అత్తయ్య బొంత

ఆరు గజాల చీరని మూడు మడతలు వేస్తే ఒక మనిషికి సరిపడా ఆరడుగుల బొంత, మూడు పొరలతో సహా. దానిమీద ఇంకో చీర. అంచుల నుంచి చుట్లు చుట్లుగా వేలెడు ఎడంతో కుట్టుకుంటూ లోపలికి రావడం అత్తయ్య పద్ధతి. ఇలా వచ్చేటప్పుడు వదులు గుడ్డంతా నడుమకి తోసుకొస్తుంది, ఆవిడ వదిలేసినచోట ఒక ఉబ్బు నిలిచే ఉంది. చివరి చుట్టు కొంత విప్పి, నడుమ నుంచి నాలుగు వైపులా కచ్చా కుట్లు లాగి ఉబ్బుని పంచేశాను. దారం మామూలు మిషను దారం రెండు పోగులు, మైనం రాసి. సూది మాత్రం ఆవిడదే వాడమన్నారు, నాకది దబ్బనంలా అనిపించి సన్నదానికి మారాను. ఆవిడకి నచ్చలేదు, కుట్టు దగ్గర పడిందని ఒప్పుకున్నారు మాత్రం.

ఇక మిగిలినవి: లాగ్ క్యాబిన్ వెనక హెమ్మింగ్, బొంతలో నడుమ చుట్లు, పువ్వులకి అంచుపట్టీ. పట్టీకి ముదురు నీలం కావాలి. వన్‌టౌన్‌లో వస్త్రలత బట్టల మార్కెట్టుకి వెళ్ళినప్పుడు అర మీటరు తెచ్చుకుని, ముందు ఉతికి చూడాలి, నీలం ఎక్కువ రంగు వదులుతుంది.