నాన్నగారి పాత డిస్కు

పదకొండున్నర దాటింది. మధ్యాహ్నం తెర మీద చూసిన ఒక్క వాక్యం ఇంకా మనసులోంచి పోవడం లేదు: మెమరీ చాలదట.

నాన్నగారి కంప్యూటరు ఉగాదికి ముందే మూలపడింది. అందులోని విండోస్ 98ను, ఆయన పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌ను, తెలుగు ఫాంట్లను ఉన్నవి ఉన్నట్టుగా తమ్ముడు వదిలివెళ్లిన కంప్యూటరులోకి మార్చాలని ఈ ఆదివారమంతా కూర్చున్నాను. పాతదానిలో ఉన్నది 64 ఎంబీ మెమరీ, దీనిలో ఉన్నది 1 జీబీ. అయినా పాతదాని డిస్కును దీనికి తగిలించగానే మెమరీ చాలదని చెప్పి ఆగిపోయింది. కారణం వెతికితే తేలిందేమిటంటే, మెమరీ ఎక్కువ ఉన్నకొద్దీ విండోస్ 98 తన ఫైల్ క్యాష్‌ను, అంటే డిస్కు నుంచి చదివినవాటిని మెమరీలో దాచుకునే చోటును, పెంచుకుంటూ పోతుందని, 512 ఎంబీ దాటిన చోట ఆ క్యాష్ చిరునామాల స్థలాన్నంతా ఆక్రమించి మిగతా పనులకు చోటు లేకుండా చేస్తుందని. ఆదేశాలు టైపు చేసే డాస్ తెరలోకి వెళ్లి, విండోస్ అమరికలుండే సిస్టం.ఐఎన్‌ఐ ఫైలులో వీక్యాష్ విభాగం కింద ఆ క్యాష్ గరిష్ఠ పరిమితిని రాశాక గాని అది లేవలేదు.

లేచాక మొదలైంది అసలు విసుగు. కొత్త హార్డ్‌వేర్ కనబడిందని ఒక పెట్టె, విండోస్ సీడీ పెట్టమని మరో పెట్టె, రీస్టార్ట్ చేయమని ఇంకో పెట్టె. ఒక్కొక్క భాగాన్నీ గుర్తించడానికి ఇదే వరస. గీతలు పడిన ఆ సీడీ సగంలోనే ఆగిపోతుంటే, అందులోని ఫోల్డరును వేరే చోట కాపీ చేసి తెచ్చి డిస్కులోనే పెట్టాను. నాలుగు గంటలకు నాన్నగారు టీ తెచ్చిపెట్టి, ఏమీ అడగకుండా వెళ్లిపోయారు. ఆ క్షణాన నాకు కోపం వచ్చింది. ఇదంతా అనవసరం, ఫైళ్లన్నిటినీ ఇప్పటి కంప్యూటర్లన్నీ చదవగల యూనికోడ్‌లోకి మార్చేసి ఈ డిస్కును వదిలించుకుందామని నిశ్చయించుకున్నాను.

ప్రయత్నంగా అక్క శుభలేఖనే తీసుకున్నాను. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో ముక్కలుముక్కలుగా ఉంటాయి కాబట్టి, ఫాంటు లేనిచోట శుభలేఖంతా డాలరు గుర్తులు, కొమ్ములున్న పరాయి అక్షరాలుగా కనిపించింది. మార్చాక మాటలు చక్కగానే వచ్చాయి, కానీ అక్షరాలను నాన్నగారు సర్దిన తీరు మాయమైంది. 2003లో ఆ కార్డు కూర్చిన రాత్రి నాకు గుర్తుంది. మేమంతా భోజనాలు చేసి పడుకున్నా, ‘చంద్రశేఖర’ అన్న పేరులో ర వత్తు దకారానికి దూరంగా జరిగి ఉందని ఆయన లేచి, పేజీని నాలుగింతలు పెద్దది చేసి, వత్తును వెంట్రుకవాసి చొప్పున ఎడమకు జరుపుతూ, ప్రతిసారీ కాగితం మీద అచ్చు తీసి ట్యూబులైటు కింద పట్టుకుని చూశారు. అమ్మ రెండుసార్లు పిలిచింది. ఐదో కాగితానికి తృప్తిపడ్డారు.

ఆ జరుపు యూనికోడ్‌లోకి రాదు. అందుకే సాయంత్రం నా నిశ్చయం మార్చుకున్నాను. వెతుక్కోవడానికి, చదువుకోవడానికి యూనికోడ్ ప్రతి తప్పక ఉండాలి, అది నేను తయారు చేస్తాను; పేజీలు మాత్రం వాటి పాత విండోస్‌లోనే తెరుచుకోవాలి. 2006 జులైలోనే విండోస్ 98కు భద్రతా సవరణలు ఆగిపోయాయి కనుక నెట్ తీగ తగిలించలేదు.

ఎనిమిదింటికి తెరను నడిపే డిస్ప్లే డ్రైవరు పడి పదహారు రంగుల తెర మామూలు తెర అయింది. నాన్నగారిని పిలిచాను. శుభలేఖ తెరిచి, కళ్లజోడు సవరించుకుని, చాలాసేపు చూశారు. తరవాత పేజీని నాలుగింతలు పెద్దది చేసి, “ఇంకా కొంచెం కుడికే ఉందిరా” అన్నారు.