ఫిల్టర్ల వరుస దగ్గర ఆగిన మూడు రోజులు

జావాలో వెబ్ పేజీలు కట్టే ఫ్రేమ్‌వర్క్ అపాచీ వికెట్‌తో కట్టిన ఒక పాత అప్లికేషన్‌కు, లాగిన్, అనుమతులు చూసుకునే స్ప్రింగ్ సెక్యూరిటీని జతచేసే పని ఈ వారం పూర్తయింది. లాగిన్ పేజీ, పాస్‌వర్డ్ హ్యాషింగ్ (పాస్‌వర్డ్‌ను తిరిగి చదవలేని రూపంలో దాచడం) తేలికగానే కుదిరాయి. మూడు రోజులు తినేసింది వికెట్, స్ప్రింగ్ సెక్యూరిటీ ఒకదానికొకటి తగిలే చోటు.

అప్లికేషన్ సెట్టింగుల ఫైలు వెబ్ డాట్ ఎక్స్‌ఎంఎల్‌లో ఫిల్టర్ మ్యాపింగులు (వచ్చిన రిక్వెస్ట్ ఏ ఫిల్టర్ గుండా వెళ్లాలో చెప్పే పంక్తులు) రాసిన వరుసలోనే నడుస్తాయని తెలిసి కూడా, రిక్వెస్ట్‌ను స్ప్రింగ్ సెక్యూరిటీకి అప్పగించే డెలిగేటింగ్‌ఫిల్టర్‌ప్రాక్సీని, వికెట్ సొంత ఫిల్టరైన వికెట్‌ఫిల్టర్ కింద పెట్టాను. దాంతో వికెట్ తన పేజీని ముందే పంపేసేది, రిక్వెస్ట్ భద్రతా ఫిల్టర్ దాకా చేరేదే కాదు. ఎర్రర్ ఒక్కటీ రాలేదు. లాగిన్ కాని బ్రౌజర్‌లో అడ్మిన్ పేజీ నిశ్శబ్దంగా తెరుచుకుంది. అది చూసి నాకు నిజంగా భయం వేసింది.

రెండో చిక్కు ఇంకా సూక్ష్మమైనది. సెషన్ గడువు తీరాక అజాక్స్ బటన్ (పేజీ మొత్తం మళ్లీ తెరవకుండా సర్వర్‌తో మాట్లాడేది) నొక్కితే సర్వర్, వేరే చిరునామాకు వెళ్లమనే 302 కోడ్‌తో లాగిన్ పేజీకి మళ్లిస్తుంది. బ్రౌజర్ తనంతట తానే ఆ దారిన వెళ్లి, అంతా సవ్యమనే 200 కోడ్‌తో వచ్చిన లాగిన్ పేజీ హెచ్‌టీఎంఎల్‌ను తెచ్చి, ఎక్స్‌ఎంఎల్ కోసం ఎదురుచూస్తున్న వికెట్ స్క్రిప్టు చేతిలో పెడుతుంది. తెర మీద ఏమీ కదలదు. చివరికి సొంతంగా ఒక ఆథెంటికేషన్‌ఎంట్రీపాయింట్ (లాగిన్ కానివారికి ఏం జవాబివ్వాలో తేల్చే స్ప్రింగ్ సెక్యూరిటీ భాగం) రాసి, రిక్వెస్ట్‌లో ‘వికెట్-అజాక్స్’ హెడర్ (రిక్వెస్ట్‌తో పాటు వెళ్లే చిన్న సమాచారం) కనిపిస్తే దారి మళ్లించకుండా, లాగిన్ చిరునామాను వికెట్ స్క్రిప్టు గుర్తుపట్టే ‘అజాక్స్-లొకేషన్’ హెడర్‌లో పంపాను. పేజీ వెంటనే లాగిన్‌కు వెళ్లింది.

ఇప్పుడు లాగిన్ లేకుండా ప్రతి చిరునామానూ తట్టి చూసే టెస్టులు రాస్తున్నాను. అవి ఇకపై ప్రతి బిల్డ్‌లోనూ (కోడ్‌ను అప్లికేషన్‌గా తయారుచేసే ప్రతిసారీ) నడుస్తాయి.