రోల్స్ రాయిస్‌ల వనపర్తి పెండ్లికి పోయొచ్చిన ముచ్చట

మా బావ హైదరాబాద్‌ల పెండ్లిళ్లకు కార్లు కిరాయికిచ్చే ఒకాయన దగ్గర డ్రైవర్. బెంజీలు, ఆడీలు, జాగ్వార్లు అన్నీ నడుపుతడు, అవి తీస్కొని ఏ ఊరికి పోయినా నాకు ఎన్నడూ ఫోన్ చెయ్యలే. మొన్న పెండ్లిళ్ల సీజన్‌ల మాత్రం పొద్దుగాల్నే ఫోన్ చేసి "బామ్మర్దీ, ఘోస్ట్ వనపర్తికి పోతున్నది, ఒక్కన్నే పోవాలంటే బోర్ కొడ్తది, వస్తవా" అన్నడు. ఘోస్ట్ అంటే రోల్స్ రాయిస్ ఘోస్ట్. ఇగ నేను ఆఫీస్‌ల ఏం చెప్పిన్నో అడగకండి, గంటల ఆరాంఘర్ చౌరస్తాల నిలబడ్డ.

ఎక్కేముందే బావ కండిషన్లు చెప్పిండు. వెనక సీట్ల కూసోవద్దు, దానికి ప్లాస్టిక్ కవర్ ఏసి ఉంది, అది పెండ్లికొడుకుది. లోపల తినుడు లేదు, తలుపు గట్టిగ ఏసుడు అసలే లేదు, దగ్గరికి తెస్తే అదే మెల్లగ గుంజుకుంటది. ఆ తలుపు సంగతి చెప్పాలె, ముందు తలుపులు మామూలుగనే తెరుచుకుంటయి కానీ వెనకవి ఉల్టా, అంటే వెనక్కి తెరుచుకుంటయి, గుర్రపు బగ్గీలకు ఉన్నట్టు. తలుపు మందంల ఒక గొడుగు దాచిపెట్టి ఉంటది, ఒత్తితే బయటికొస్తది. పాలమూరుకు గొడుగు ఎందుకు బావా, వానలే పడవు గదా అన్న. ఆయన నవ్వలే, కొత్త కవర్ మీద మరక పడ్డదా అని చూస్కుంటుండె.

బండి మొదటి తరం ఘోస్ట్, 6.6 లీటర్ల వీ12 ఇంజన్ అంటే పన్నెండు సిలిండర్లది, దగ్గర దగ్గర రెండున్నర టన్నుల బరువు. ఇంజన్ ఎంత స్పీడ్ తిరుగుతుందో చూపించే మీటర్ ఉండదు, దాని జాగల 'పవర్ రిజర్వ్' అని ఒక ముల్లు ఉంటది, ఇంకా ఎంత బలం మిగిలి ఉందో చూపిస్తది. షాద్‌నగర్ దాటినంక తొంభై మీద పోతున్నా ఆ ముల్లు నూటికి దగ్గర్నే ఉండె. నాకు మస్తు నచ్చింది అది. మన బండ్లన్నీ ఎంత కష్టపడుతున్నయో చూపిస్తయి, ఇది ఎంత కష్టపడతలేదో చూపిస్తది.

చప్పుడు గురించి కూడా చూసుడు నా ఎజెండాల ఉండె, ఎందుకంటే 1958ల డేవిడ్ ఓగిల్వీ అనే ఆయన ఈ కంపెనీ కారుకు రాసిన అడ్వర్‌టైజ్‌మెంట్ ఇప్పటికీ యాడ్స్ చదువుకునే పోరగాళ్లకు పాఠం లెక్క చెప్తరు. గంటకు 60 మైళ్ల స్పీడ్‌ల పోతుంటే ఈ కొత్త రోల్స్ రాయిస్‌ల అన్నిటికన్నా పెద్ద చప్పుడు లోపలి కరెంట్ గడియారందే, అన్నది దాంట్ల మాట. 60 మైళ్లంటే మనకు తొంభై ఆరు కిలోమీటర్లు. బాలానగర్ దాటినంక రోడ్డు ఖాళీగ ఉంటే బావను అంత స్పీడ్‌కు తెమ్మని, ఏసీ తగ్గించి చెవి పెట్టిన. గడియారం వినపళ్లే. వెనక సీటు మీది ప్లాస్టిక్ కవర్ మాత్రం కరకరకర.

రాయకల్ టోల్ కాడ అయితే ఫాస్టాగ్ స్కాన్ అయి గేటు లేచినా పక్క లైన్ల ఉన్న డీసీఎం డ్రైవర్ ముందుకు పోతలేడు, సెల్ఫీ తీస్కుంటుండు, వెనక హారన్లే హారన్లు. "అన్నా ఇది నిజం రోల్స్ రాయిసేనా" అని అరిచిండు. నాకు అప్పటిసంది ఒకటే ఆలోచన, ఈ బండిని ఎన్నడూ చూడనోళ్లకు కూడా దీని పేరు ఎట్ల తెలుసు? మా జడ్చర్లల బండ్ల మార్కెట్ అంటే బొలెరో, ఎర్టిగా, పెద్దోళ్లైతే ఫార్చ్యూనర్. అయినా ఎవడన్నా కొత్త ప్యాంటు ఏసుకొస్తే "ఏందిరో, రోల్స్ రాయిస్‌ల దిగినట్టు" అంటరు.

జడ్చర్ల ఫ్లైఓవర్ కాడ మహబూబ్‌నగర్ బోర్డు కనబడంగనే బావకు ఒక ముచ్చట చెప్పిన, ఆయనకు తెల్వదు. 1890 దాంక మన ఊరు పాలమూరే, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్ చేసిండ్రు. అదే మహబూబ్ అలీ ఖాన్ రోల్స్ రాయిస్‌కు ఆర్డర్ ఇచ్చిండు, సిల్వర్ ఘోస్ట్ మోడల్, బాడీ కట్టింది లండన్‌ల బార్కర్ కంపెనీ, పసుపు పచ్చ రంగు, వెనకాల నవాబు కూసునేటందుకు ఎత్తుగ సింహాసనం లెక్క సీటు. కానీ కారు రాకముందే 1911 ఆగస్టుల ఆయన పోయిండు. 1912 కారు అది, వచ్చింది కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కు. దర్బారుకు, ఊరేగింపులకే బయటికి తీసేటోళ్లు కాబట్టి మీటర్ మీద మొత్తం 356 మైళ్లే అని చెప్తరు. ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌ల అద్దాల వెనక ఉంది. 356 మైళ్లంటే 573 కిలోమీటర్లు. బావ లెక్క కట్టి "అంటే మనం రెండుసార్లు వనపర్తి పోయొస్తే నిజాం రికార్డ్ కొట్టినట్టే గదా" అన్నడు. ఆ తర్వాత తొవ్వ పొడుగూతా ఇదే జోకు.

అసలు ఆ సిల్వర్ ఘోస్ట్‌కు పేరొచ్చింది కూసుంటే కాదు, నడిస్తే వచ్చింది. 1907ల ఒక బండికి వెండి రంగు ఏసి, క్లాడ్ జాన్సన్ అనే మేనేజర్ దానికి సిల్వర్ ఘోస్ట్ అని పేరు పెట్టి, లండన్‌కూ గ్లాస్గోకూ మధ్య తిప్పిండ్రు, తిప్పిండ్రు, ఆపకుండ తిప్పిండ్రు. 629 మైళ్ల కాడ పెట్రోల్ ట్యాప్ ఒకటి కుదుపులకు మూసుకపోయి ఒక్కసారి ఆగింది, ఆ తర్వాత 14,371 మైళ్లు బలవంతంగ ఆగుడే లేదు. అప్పట్ల కారు కొన్నోడు పక్కన మెకానిక్‌ను కూడా ఏసుకొని తిరిగే కాలం. పరీక్ష అయినంక మొత్తం విప్పి చూస్తే అరిగిన పార్టులకు అయిన ఖర్చు రెండు పౌండ్ల చిల్లర. మరుసటి ఏడాదే మన దేశానికి ఒకటి తెచ్చి బొంబాయి నుంచి కొల్హాపూర్ దాంక ఘాట్ రోడ్ల మీద 620 మైళ్ల పందెంల నడిపిచ్చిండ్రు, అక్కడ కూడా ఆగలే, దాన్ని గ్వాలియర్ మహారాజు కొన్నడు. రాజులంతా ఎగబడ్డది దాని తర్వాతనే. నాకైతే ఈ భాగమే నిజమైన గొప్పతనం అనిపిస్తది, తర్వాతి బంగారం, వెండి, సింహాసనాలు అన్నీ దాని మీద ఏసిన పూత.

ఇంకోటి, ఈ జోడీల ఎవరు ఏందో కూడా సక్కగ ఎవరికీ తెల్వదు. చార్లెస్ రోల్స్ అంటే లార్డ్ కొడుకు, లండన్‌ల కార్లు అమ్మేటోడు. హెన్రీ రాయిస్ ఒక పిండిమిల్లు ఆయన కొడుకు, తొమ్మిదేండ్లప్పుడే తండ్రి పోయిండు, పేపర్లు అమ్మిండు, టెలిగ్రాములు పంచిండు, రైల్వే వర్క్‌షాప్‌ల పని నేర్చుకుంటుంటే ఫీజు కట్టేటోళ్లు లేక మధ్యల ఇడిసిపెట్టిండు. ఒక సెకండ్ హ్యాండ్ ఫ్రెంచ్ కారు కొని దాని పనితనం నచ్చక తనే ఒకటి చేసిండు. ఇద్దరూ కలిసింది 1904 మే 4న, మాంచెస్టర్‌ల మిడ్‌ల్యాండ్ హోటల్‌ల. రోల్స్‌కు కార్ల కన్నా విమానాల పిచ్చి ఎక్కువయి 1910ల బోర్న్‌మత్‌ల విమానం కూలి పోయిండు, 32 ఏండ్లు. అంటే మన నిజాం కారు వచ్చేసరికే ఆయన లేడు. కానీ పేరుల ముందు ఆయనే ఉన్నడు, పని చేసినోడు వెనక. ఇది చెప్పంగనే బావ "ఎక్కడైనా గంతే" అని ఒక్క మాటల తేల్చిండు.

కొత్తకోట కాడ హైవే దిగి వనపర్తి రోడ్డు ఎక్కినం. చాయ్ తాగుదామని ఆపితే ఇస్కూల్ పోరగాళ్లు చుట్టూ చేరిండ్రు. పెద్దోళ్లంతా ముందల బానెట్ మీది రెక్కల బొమ్మను చూస్తుంటే ఒక పిల్లగాడు మాత్రం చక్రం కాడ కూసుండు. బావ బండిని జర ముందుకు తీస్తుంటే "ఓ అన్నా, చక్రం తిరుగుతున్నది కానీ నడిమధ్యల ఆర్ ఆర్ తిరుగుతలేదు" అని లొల్లి. నిజమే, మధ్య మూతకు లోపల కింది దిక్కు బరువు ఉంటది, చక్రం ఎంత తిరిగినా అక్షరాలు నిలువుగనే ఉంటయి. డబ్బులిచ్చి కొన్నోళ్లలో ఎంతమందికి తెలుసో గానీ ఆ పిల్లగాడు రెండు నిమిషాల్ల పట్టిండు. ఈ దిక్కునే మదనాపురం కాడ సరళాసాగర్ ఉంది, వనపర్తి రాజా కట్టించింది, నీళ్లు నిండంగనే మనిషి చెయ్యి పెట్టకుండ సైఫన్లు వాటంతట అవే తెరుచుకునే ప్రాజెక్ట్. 2019 డిసెంబర్ 31న దాని కట్ట తెగింది, మల్ల కట్టిండ్రు. టైం ఉంటే పోయేటోళ్లం, పెండ్లోళ్ల ఫోన్లు ఆగుతలేవు.

వనపర్తిల రాజుల ప్యాలెస్ ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజ్, 1959 సంది. దాని ముందు బండి పెట్టి ఫోటో దిగాలని పెండ్లికొడుకు దోస్తుల పట్టు, దిగిండ్రు. తర్వాత ఫంక్షన్ హాల్. ఇగ అసలు సీను ఇక్కడ. ఇంట్ల పెద్దావిడ, పెండ్లికొడుకు నాయనమ్మ, కొత్త బండి వచ్చిందంటే పూజ చెయ్యకుండ ఎక్కనిస్తదా? పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, కొబ్బరికాయ పట్టుకొని వచ్చింది. కిరాయి బండి అమ్మా అంటే "మా పిలగాడు ఎక్కుతుండు గదా" అన్నది. టైర్ల కింద నిమ్మకాయలు దాంక బావ ఊకున్నడు. బానెట్ మీదున్న రెక్కల బొమ్మను చూసి "ఈ అమ్మవారు ఎవరు బిడ్డా" అని కుంకుమ వేలు చాపంగనే బావ పరుగున పోయి లోపల బటన్ ఒత్తిండు. బొమ్మ సుర్రున లోపలికి దిగి మీద మూత పడ్డది. ఆవిడ చెయ్యి గాలిల ఆగిపోయింది. ఒక్క నిమిషం ఎవ్వరూ మాట్లాడలే, తర్వాత ఆవిడే "సిగ్గుపడ్డది" అని బానెట్ మీద బొట్టు పెట్టింది. బావ మొకం చూడాలె.

ఆ బొమ్మ దేవత కాదు గానీ కథ ఉంది. 1911ల చార్లెస్ సైక్స్ అనే శిల్పి చేసిండు, దానికి రూపు ఎలియనార్ థార్న్‌టన్ అనే ఆమెదంటరు, లార్డ్ మాంటేగు దగ్గర సెక్రటరీ. 1915 డిసెంబర్ 30న ఆయనతోని కలిసి ఓడల ఇండియా దిక్కు వస్తుంటే జర్మన్ సబ్‌మెరైన్ టార్పెడో ఏసింది, ఆమె మునిగిపోయింది, ఆయన బతికిండు. నాయనమ్మకు ఇదంతా చెప్పిన. "పాపం, మన దిక్కే వస్తుండెనా" అన్నది.

భోజనాల కాడ ఒక తాత మా పక్కన కూసుండు. వయసుల గుంపు మేస్త్రితోని బొంబాయి దిక్కు డ్యాముల పనికి పోయినాయన, పాలమూరు లేబర్ అంటే ఇట్లాంటోళ్లే. ఆయనకు రోల్స్ రాయిస్ పేరు అప్పటి సంది తెలుసట. ఎట్లంటే, లండన్‌ల షోరూమోడు నల్లోడని కించపరిస్తే నిజాం కోపానికొచ్చి ఆ కార్లన్నీ కొని హైదరాబాద్‌ల చెత్త ఎత్తించిండట. నేను ఉత్తరాదిల ఇదే కథ అల్వార్ మహారాజు మీద చెప్తరు తాతా, ఇంకో దిక్కు ఇంకో రాజు మీద చెప్తరు, రుజువు ఒక్కదానికీ లేదు అన్న. ముందు చీపుర్లు కట్టిన కారు ఫోటో ఫోన్‌ల చూపిస్తడు మనవడు. అట్ల చీపుర్లు కట్టిన ఫోటోలు పాలస్తీనాల 1936 గొడవలప్పటివి ఉన్నయి, రోడ్డు మీద చల్లిన మేకులు టైర్లకు గుచ్చుకోకుండ ఊడ్సేటందుకు కట్టిండ్రు. తాత విని "నువ్వు చెప్పింది నిజమే కావొచ్చు, నాదే బాగుంది" అన్నడు. కాదనలేకపోయిన. కంపెనీ పైసా ఖర్చు లేకుండ ఆ కథ మన ఊర్లల్ల తిరుగుతున్నది, తిట్టే కథే కానీ తిట్టుల కూడా ఆ కారు కన్నా పెద్దది లేదనే ఉంటది.

కంపెనీ పరువు మాత్రం ఒక దశల నడిబజార్ల పడ్డది. 1971 ఫిబ్రవరిల దివాలా తీసింది, కార్లతోని కాదు, ఆర్‌బీ211 అనే విమానం ఇంజన్ ఖర్చుతోని. తర్వాత కార్లు వేరు, ఇంజన్లు వేరు చేసిండ్రు. 1998ల ఇంకా తమాషా. ఫోక్స్‌వ్యాగన్ 43 కోట్ల పౌండ్లు పెట్టి క్రూ ఊర్ల ఫ్యాక్టరీ, బొమ్మ, ముందు జాలీ అన్నీ కొన్నది. పేరు మాత్రం విమానం ఇంజన్ల కంపెనీది, వాళ్లు 4 కోట్ల పౌండ్లకు ఆ పేరు బీఎండబ్ల్యూకు ఇచ్చిండ్రు. ఇల్లు ఒకడు కొన్నడు, పట్టా ఇంకొకడి పేరు మీద ఎక్కింది, మన దిక్కు అయితే తహసీల్ ఆఫీస్ కాడ తలకాయలు పలిగేవి. వాళ్లు కూసొని మాట్లాడుకొని, 2003 సంది బీఎండబ్ల్యూ గుడ్‌వుడ్‌ల కొత్త ఫ్యాక్టరీల చేస్తున్నది. మేమొచ్చిన ఘోస్ట్‌ల కూడా లోపల బీఎండబ్ల్యూ సామాను మస్తుగనే ఉంది. ఈ మాట పెండ్లికొడుకు దోస్తులకు చెప్తే మొకాలు మాడ్సుకున్నరు, మల్లొకసారి చెప్పలే.

బరాత్ రాత్రి తొమ్మిదింటికి మొదలైంది. చప్పుడు రాకుండ చెయ్యాలని వందేండ్లు తండ్లాడిన బండి ముందల లారీ నిండ డీజే బాక్సులు, తీన్మార్, పటాకులు. అద్దాలు ఎంత మందం ఉంటే ఏం, బేస్ కొడితే సీటు కిందికెళ్లి వస్తుండె. నడక కన్నా మెల్లగ పోవుడు, వీ12 ఇంజన్‌కు ఇదేం ఖర్మ అనిపించింది గానీ, నిజాం కారు చేసింది కూడా ఈ పనే గదా, ఊరేగింపు. వెనక సీట్ల పెండ్లికొడుకుకు చెమటలు, ప్లాస్టిక్ కవర్ బావ తియ్యలే.

వాపస్ వస్తుంటే పెబ్బేరు మీదికెళ్లి హైవే ఎక్కి బంకుల పెట్రోల్ పోయించినం, పోరగాడు మూత ఎటు దిక్కుందో వెతుక్కున్నడు. బావ బిల్లు ఫోటో తీసి ఓనర్‌కు పంపిండు. తాత ఫోన్ చేసిండు అప్పుడే, నంబర్ తీస్కున్నడు మధ్యాహ్నం. నిజాం పసుపు పచ్చ కారు చూడాలంటే యాడికి రావాలె, మనవన్ని తీస్కొని బస్సుల వస్త అన్నడు. చౌమహల్లా, చార్మినార్ కాడికెళ్లి నడిచి పోవచ్చు, టికెట్ ఉంటది, శుక్రవారం మాత్రం రాకు తాతా, బంద్ ఉంటది అని చెప్పిన. "అండ్ల ఎక్కనిస్తరా" అన్నడు. ఎక్కనియ్యరు అన్న. "అయితే గింత దూరం ఎందుకు, మీ దాంట్ల ముందు సీటు ఖాళీనే ఉండె గదా పొద్దుగాల, చెప్పాలె" అని పెట్టేసిండు.